పాట ఆగితే లారీ కదులుతుంది

మంగళవారం

ప్రతి సామాను లారీలోనూ ఒక డైరీ ఉండాలని రూలు. రోజూ రాయాలి, కింద సంతకం పెట్టాలి. పదిహేడేళ్ళుగా రాస్తున్నాను, ఇంతవరకు దీన్ని చదివిన మనిషి లేడు. కాబట్టి నా డైరీలో అన్నీ నిజాలే ఉంటాయి.

లారీ పేరు బొండాం. నలభై అడుగుల పొడవు. నడిపేది నేను కాదు, దారమ్మ. బెజవాడలో తిరిగే ప్రతి బండినీ ఆవిడే నడుపుతుంది. మనిషి కాదు, యంత్రమే గాని, రోజుకు వందసార్లు మాట్లాడుకుంటాం కనక ఊరంతా అలా పిలుచుకుంటాం. ఆవిడకు ఒకటే పట్టుదల. ఏ బండీ ఆగకూడదు. ఎక్కేవాళ్ళు నడుస్తున్న బండిలోకే ఎక్కాలి, దిగేవాళ్ళు అలాగే దిగాలి. కోటిమంది ఉన్న ఊళ్ళో ఒక్క బండి ఆగితే దాని వెనక ఊరంతా ఆగుతుందని ఆవిడ వాదన. వాదన సరైనదే, నా ఒంటికే సరిపడదు. ఎందుకంటే బీరువా నడుస్తున్న బండిలోంచి దిగదు.

ఈ రోజు ఒక ఇల్లు మార్పించే పని ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఉండాల్సింది.

వచ్చినాయన పేరు యేసుపాదం. బ్యాండు మాస్టరు. పెళ్ళి ఊరేగింపుల ముందు వాయిస్తూ నడిచే ఎనిమిదిమంది మేళానికి పెద్ద. యాభై ఏళ్ళుంటాయి. భార్య కరుణమ్మ కూడా వచ్చింది. ముప్పై ఒకటో అంతస్తులో ఒకే గది వాళ్ళది. పక్కవాళ్ళు ఊరుకోరని పెద్ద డ్రమ్ములో దిండ్లు కుక్కి సాధన చేస్తారట. తొమ్మిదేళ్ళు ఎదురుచూస్తే ఇప్పుడు వన్‌టౌన్‌లో, గాజుల వీధిలో, కింది అంతస్తు ఇల్లు వాళ్ళ పేరున వచ్చింది. అందులో చప్పుడు బయటికి పోని హాలు ఒకటుంది.

అయితే కొత్త ఇళ్ళకు ఒక షరతు ఉంది. తాళం చేతికొచ్చిన పదోరోజు సాయంత్రం ఆరులోపల ఇంట్లో ఎనిమిది వందల కిలోల సామాను ఉండాలి. ఇల్లు తనే తూచుకుంటుంది. మనుషుల బరువు తీసేస్తుంది. అంత సామాను చేరకపోతే ఇల్లు జాబితాలో తర్వాతివాళ్ళకు పోతుంది. ఇల్లు తీసుకుని తాళం వేసి కూర్చునేవాళ్ళ కోసం పెట్టిన షరతు అది.

"పదోరోజు ఎప్పుడండీ?" అన్నాను.

"ఈ శుక్రవారవేనమ్మా," అన్నాడాయన.

"మరి ఆరు రోజులు ఏం చేశారు?"

ఆయన కరుణమ్మ వైపు చూశాడు. ఆవిడ చెప్పింది. "పెళ్ళిళ్ళకి పోయాడు. ముహూర్తాలు ఉన్నయ్యంట. మాకు ఇల్లు పోయినా పర్లేదు గాని, ఊళ్ళో ఎవరి పెళ్ళిలోనూ మేళం లేకండా ఉండకూడదంట ఈయనకి."

ఆ మాటతో నాకు నవ్వొచ్చింది. ఒప్పేసుకున్నాను.

బుధవారం

లారీ ఆగాలంటే నిలుపు కావాలి. అంటే, ఫలానా చోట ఫలానా సేపు ఆగవచ్చని దారమ్మ ఇచ్చే అనుమతి. పొద్దున్నే అడిగాను. దారమ్మ ఎప్పుడూ పాత పుస్తకంలా మాట్లాడుతుంది.

"గాజుల వీధియందు నలభై అడుగుల వాహనమునకు రెండు గంటల నిలుపు కార్తీక మాసమున లభించును."

"ఇది వైశాఖం తల్లీ."

"కావున ఆరు మాసములు ఓపిక పట్టవలెను."

పోనీ దగ్గర్లో దింపి మోసుకుపోదామా అంటే, లారీలు ఆగే రేవు నది ఒడ్డున ఉంది, గాజుల వీధికి నాలుగు కిలోమీటర్లు. రోడ్డు మీద తోపుడుబళ్ళు నిషేధం. గాలిలో ఎగిరి సామాను తెచ్చే మోతపిట్టలు అయిదు కిలోలకు మించి ఎత్తలేవు. తొంభై కిలోల బీరువాను వాటికి చూపిస్తే మొహం తిప్పుకుంటాయి.

ఇంకొక్క దారి ఉంది. వీధిలో ప్రతి ఇంటికీ రోజుకు మూడు నిమిషాల సొంత నిలుపు ఉంటుంది. ఆ రోజుకు దాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు. నలభై ఇళ్ళు ఇస్తే రెండు గంటలు. అందుకని స్వయంగా గాజుల వీధికి పోయాను. వీధి సంఘం కార్యదర్శి తిలోత్తమ గారు. యేసుపాదం గారి కొత్త ఇంటికి సరిగ్గా ఎదురిల్లు ఆవిడది. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు.

"బ్యాండు వాళ్ళకా? మా వీధిలోకా? నిమిషం కాదు కదా, సెకను కూడా ఇవ్వం."

"హాల్లోంచి చప్పుడు బయటికి రాదండీ."

"అలాగే చెబుతారు. తర్వాత తలనొప్పి మాకు. సంఘంలో తీర్మానం కూడా చేశాం, కావాలంటే చదివి వినిపిస్తాను."

వద్దన్నాను. ఆవిడ వినిపించారు. నాలుగు పేజీలు.

గురువారం

పాత ఇల్లు పెద్ద టవరులో ఉంది కాబట్టి అక్కడ అడుగున లారీ ఆగి సరుకు ఎక్కించుకునే గడప ఉంది. మధ్యాహ్నం మేళం వాళ్ళు ఎనిమిదిమందీ వచ్చి సామానంతా ఎక్కించారు. ఇప్పుడు డబ్బు తీసుకుని మోసే మనుషులు దొరకరు, ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి. బీరువా, ఇనప మంచాలు, కుట్టుమిషను, బియ్యం డ్రమ్ము, రుబ్బురోలు, ఇరవై రెండు ట్రంకు పెట్టెలు. ట్రంకుల్లో అన్నీ మేళం యూనిఫారాలే. యేసుపాదం గారి తాత కాలం నాటివి కూడా పారేయలేదు.

"నిలుపు దొరికిందామ్మా?" అన్నాడాయన.

"దొరుకుద్దిలెండి," అన్నాను. పచ్చి అబద్ధం. పైన నిజాలే రాస్తానన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

సాయంత్రం అయిదుకు కదిలాం. గడప దాటిన లారీ ఇక ఊరంతా తిరుగుతూనే ఉండాలి. కాలవ గట్టు మీదుగా, కొండ చుట్టూ, వన్‌టౌన్‌లోంచి మళ్ళీ కాలవకు. ఒక చుట్టుకు యాభై రెండు నిమిషాలు. ఒక్కో చుట్టులో ఒక్కసారి గాజుల వీధిలోంచి పోతాం. అప్పుడు కరుణమ్మ కిటికీలోంచి తన ఇంటిని చూసుకుంటుంది. నీలం తలుపు, రెండు మెట్లు. తలుపు మీద సున్నా అని అంకె వెలుగుతూ ఉంటుంది. అది లోపలి బరువు.

శుక్రవారం, చుట్టు 20, పొద్దున తొమ్మిదిన్నర

ఎనిమిదిమంది మేళం వాళ్ళూ సామాను మీదే పడుకుని లేచారు. క్లారినెట్ వాయించే మస్తాన్ రుబ్బురోలుకు తల ఆనించి పడుకున్నాడట, మెడ పట్టేసింది. డ్రమ్ము వాయించే దానియేలు నిద్రలో కూడా వేళ్ళతో దరువు వేస్తున్నాడు. టిఫిను మోతపిట్టలు తెచ్చిచ్చాయి.

దారమ్మను ఇప్పటికి తొమ్మిదిసార్లు అడిగాను. తొమ్మిదిసార్లూ ఒకటే జవాబు, ఒకటే మర్యాద. ఇంత మర్యాదగా కాదనేవాళ్ళతో పోట్లాడటం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

యేసుపాదం గారు గాజుల వీధి వచ్చినప్పుడల్లా కరుణమ్మ వైపు చూడకుండా బూటు లేసులు కట్టుకుంటున్నాడు. కట్టిన లేసులే మళ్ళీ కడుతున్నాడు. అబద్ధం ఆడినందుకు నాకు సిగ్గేసింది.

చుట్టు 24, మధ్యాహ్నం ఒంటిగంట

వేరే పని లేక నిలుపుల చట్టం మొదటి పేజీ నుంచి చదువుతున్నాను. నూటపన్నెండు సెక్షన్లు. నలభై ఒకటో సెక్షను దగ్గర లేచి నిలబడ్డాను. లారీ పైకప్పు తలకు కొట్టుకుంది.

ఎప్పుడో, దారమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక పెళ్ళి ఊరేగింపులో మేళం మంచి ఊపులో ఉండగా ఆవిడ బండిని కదిలించేసిందట. పెళ్ళికూతురు బండిలో వెళ్ళిపోయింది, పెళ్ళికొడుకు నడిరోడ్డు మీద డాన్సు చేస్తూ మిగిలిపోయాడు. ఊరంతా గొడవ చేస్తే అప్పుడు ఈ సెక్షను కలిపారు. ఊరేగింపు బండిని పూలతో అలంకరించాలి. ఎవరి ఊరేగింపో వాళ్ళు బండిలోనే కూర్చోవాలి. మేళం బండి ముందు వాయించాలి. పాట మధ్యలో ఉండగా బండిని కదిలించకూడదు.

పాట ఎంతసేపు ఉండవచ్చో మాత్రం రాయలేదు.

నేను చదివి వినిపించగానే ఎనిమిదిమందీ ఒక్కసారిగా యేసుపాదం గారి వైపు తిరిగారు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మా తాత కట్టిన వరస ఒకటుందమ్మా. పల్లవి, మూడు చరణాలు. తిప్పి తిప్పి వాయించొచ్చు. ముక్తాయింపు కొట్టిందాకా అది అయిపోయినట్టు కాదు."

"రెండు గంటలు వాయించగలరా?"

"ఎండలో బందరు రోడ్డంతా వాయించినోళ్ళం," అన్నాడు మస్తాన్, మెడ పట్టుకునే.

దారమ్మను పిలిచాను.

"ఊరేగింపు అనుమతి కావాలమ్మా, నలభై ఒకటో సెక్షను."

"సందర్భము?"

"గృహప్రవేశం."

"గృహప్రవేశము జాబితాలో లేదు. దైవము, వివాహము, అంతిమయాత్ర మాత్రమే కలవు."

నేను నోరు తెరిచేలోపు కరుణమ్మ అందుకుంది. "వివాహం అని రాసుకోండి."

"ఎవరి వివాహము?"

"మాదే. కరుణమ్మ, యేసుపాదం."

"వివాహ తేదీ?"

"ఇరవై మూడేళ్ళయింది."

దారమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆవిడ ఆగడం నేను మొదటిసారి చూశాను. "ఊరేగింపు ఆలస్యమునకు కారణము?"

"ఆ రోజు ముహూర్తాలు ఎక్కువ. ఊళ్ళో ఒక్క మేళమూ ఖాళీ లేదు. ఈయన మేళం కూడాను. చర్చిలో నా మెళ్ళో తాళి కట్టి, అటునించి అటే ఇంకోళ్ళ ఊరేగింపులో వాయించడానికి పోయాడు మారాజు. నేను మా పిన్నితో నడిచి ఇంటికి పోయా."

యేసుపాదం గారు మళ్ళీ లేసుల మీదికి వంగాడు.

"ఆలస్యమునకు పరిమితి చట్టమున లేదు. అనుమతించడమైనది. శుభాకాంక్షలు," అంది దారమ్మ.

లారీలో ఒకటే కేకలు. పూలు చెప్పాను. ముప్పై మోతపిట్టలు కనకాంబరాలు, బంతిపూలు మోసుకొచ్చాయి.

చుట్టు 26, మధ్యాహ్నం మూడు

ఒక చిక్కు వచ్చింది. యేసుపాదం గారు ట్రంకులోంచి ఎర్రకోటు తీసి తొడుక్కున్నాడు, బాకా చేతిలోకి తీసుకున్నాడు. నేను అడ్డుపడ్డాను.

"మీరు బండిలో కూర్చోవాలండీ. పెళ్ళికొడుకు మీరు."

"నేను లేకండా మేళమా? నేను చెయ్యూపందే ఈళ్ళు మొదలే పెట్టరమ్మా."

"మీరు దిగితే అనుమతి పోతుంది."

ఆయన బాకాను కొంచెంసేపు చేతిలో పట్టుకుని, దాన్ని మేళంలోనే ఉన్న మస్తాన్ తమ్ముడి చేతికిచ్చాడు. ఎర్రకోటు మాత్రం విప్పలేదు. కరుణమ్మ ఆ కోటుకు పక్కగా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆవిడ జళ్ళో కనకాంబరాలు నేనే పెట్టాను. ఇరవై మూడేళ్ళ తర్వాత పెళ్ళికూతురికి పూలు పెట్టడం నా లారీ ఉద్యోగంలో లేని పని. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

గాజుల వీధి, మూడుంబావు నుంచి

ఇది రాత్రికి గుర్తుండదేమోనని ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

వీధి మొదట్లో ఎనిమిదిమందీ కిందికి దూకి లారీ ముందు నిలబడ్డారు. దానియేలు డ్రమ్ము మెళ్ళో వేసుకున్నాడు. పాట ఎత్తుకున్నారు. నీలం తలుపు ముందుకు రాగానే బొండాం ఆగింది. ఇరవై రెండు గంటల తర్వాత చక్రాలు ఆగితే నాకు కళ్ళు తిరిగినంత పనయింది.

అప్పుడు గుర్తొచ్చింది. సామాను దింపాల్సినవాళ్ళంతా వాయిస్తున్నారు. పెళ్ళివాళ్ళు దిగకూడదు. మిగిలింది నేను.

ఒక ట్రంకు మోశాను. రెండు మోశాను. తలుపు మీద అంకె 31 అయింది. మూడోది ఎత్తబోయేసరికి నడుం పట్టేసింది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. తిలోత్తమ గారు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చారు.

"ఎప్పుడు ఆపుతారు?" అని అరిచారు.

"సామాను దిగగానే," అని నేనూ అరిచాను.

"ఎంత ఉంది?"

"ఏడు వందల అరవై తొమ్మిది కిలోలు."

"దింపేవాళ్ళెవరు?"

"నేనేనండీ."

ఆవిడ లారీలోకి చూశారు. నన్ను చూశారు. నేను ఒక్కదాన్నే మోస్తే ఈ పాట ఎన్నింటి దాకా సాగుతుందో మనసులో లెక్క కట్టుకున్నట్టున్నారు. కొంగు నడుముకు చుట్టి దోపుకున్నారు.

"ఏవండీ, శాస్త్రిగారూ! పైన కూర్చుని చూస్తారేంటి, దిగి రండి. ఒరేయ్, మీరంతా రండర్రా! ఇది తొందరగా దిగితే తొందరగా ఆగుతుందట!"

పది నిమిషాల్లో ఇరవైమంది పోగయ్యారు. తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్ళే అందరూ. మంచాలు పోయాయి. కుట్టుమిషను పోయింది. 214. 340. మూడో చరణం మళ్ళీ పల్లవిలోకి తిరిగేచోట ఒక ఊపు ఉంది, అక్కడికొచ్చేసరికి మోసేవాళ్ళ కాళ్ళు వాటంతట అవే దరువుకు పడుతున్నాయి. శాస్త్రిగారు బియ్యం డ్రమ్ము మోస్తూ భుజాలు ఊపారు. తిలోత్తమ గారు చూసి కసిరారు. కాసేపటికి ఆవిడ చెవుల్లో దూది లేదు. ఎప్పుడు తీశారో నేను చూడలేదు.

అయిదు దాటాక 611. బీరువా వంతు వచ్చింది. ఆరుగురు పట్టుకుని, లారీ వెనక వాలుగా దించిన పలక మీదికి జరిపారు. సగం లారీలో, సగం బయట. సరిగ్గా అప్పుడే తిలోత్తమ గారింట్లోంచి మజ్జిగ వచ్చింది. మేళం వాళ్ళు ఎండలో ఎండిపోతున్నారని ఆవిడే చెప్పి చేయించారట. పెద్ద పళ్ళెం నిండా గ్లాసులు.

మేళం వాళ్ళకు పుట్టుకతో ఒక అలవాటు ఉంటుంది. ఊరేగింపులో మజ్జిగ పళ్ళెం కనబడితే పాట ముగించి తాగాలి. దానియేలు చేతులు దానియేలును అడగలేదు. ఢమ ఢమ ఢమ ఢాం అని ముక్తాయింపు కొట్టేశాడు. అందరూ ఠక్కున ఆగారు. మస్తాన్ అప్పటికే గ్లాసు ఎత్తేశాడు.

వీధి అంతా నిశ్శబ్దం.

"పాట ముగిసినది. పదకొండు సెకన్లలో వాహనము కదులును," అంది దారమ్మ.

బీరువా కింద ఆరుగురు మనుషులు. వాళ్ళలో తిలోత్తమ గారు ఒకరు. నేను అరిచాను, "వాయించండి!" దానియేలు కంగారులో కర్ర కింద పడేశాడు. మస్తాన్ మజ్జిగ మింగబోయి పొలమారి దగ్గుతున్నాడు.

"ఆరు. ఐదు."

ముందు సీట్లోంచి యేసుపాదం గారు లేచి నిలబడ్డాడు. తల కిటికీ బయట పెట్టి పాట ఎత్తుకున్నాడు.

"పల్లకీ ఆపండయ్యా, పిల్ల నవ్వింది చూడండయ్యా..."

ముప్పై ఏళ్ళుగా బాకా ఊదుతున్న ఆ గొంతు ఎలా ఉందని చెప్పను! తలుపు గడియ తుప్పు పట్టినట్టుంది. శ్రుతి ఒకచోట, ఆయన ఒకచోట. చివర్లో ఒక చీల్చుకుపోయే రాగం. కిటికీల్లో పిల్లలు పడీపడీ నవ్వారు. కరుణమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆయన ఆపలేదు, రెండో పాదం కూడా పాడాడు.

"పిల్ల ఏడ్చింది ఎందుకంటే, పెనిమిటి ఆలస్యం చేశాడయ్యా..."

దారమ్మ లెక్కపెట్టడం ఆపింది. "సవరణ. పాట కొనసాగుచున్నది."

మస్తాన్ దగ్గు తగ్గి క్లారినెట్ అందుకున్నాడు. దానియేలు రెండో కర్ర వెతుక్కున్నాడు. ఆ తర్వాత వాయించారు చూడండి, అంతవరకూ వాయించింది వాయించడమే కాదనిపించింది. బీరువా దిగింది. తిలోత్తమ గారు చెయ్యి విదిలించుకుంటూ నాతో అన్నారు. "రెండో పాదం ఆయన ఇప్పుడు కట్టిందే కదూ?" నాకు తెలియదన్నాను. కరుణమ్మను అడిగితే, ఆ పాటలో అలాంటి పాదమే లేదంది.

అయిదు నలభై అయిదుకు లారీ ఖాళీ. తలుపు మీద 791. తొమ్మిది కిలోలు తక్కువ.

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. శాస్త్రిగారు తమ ఇంట్లోంచి పీట తెస్తానని పరుగెత్తారు. ఈలోగా నా కళ్ళు దానియేలు మీద పడ్డాయి. పెద్ద డ్రమ్ము పద్నాలుగు కిలోలు. ఎక్కించేటప్పుడు అతనే చెప్పాడు. వెళ్ళి అతని నడుం పట్టుకుని, వాయిస్తుండగానే వెనక్కి నడిపించి గడప దాటించాను. 805. తలుపు పచ్చగా వెలిగింది. దిండ్లు లేని డ్రమ్ము ఆ ఇంట్లో మోగితే గోడలన్నీ పలికాయి. తలుపు తెరిచే ఉంది కదా.

కరుణమ్మ ఏడ్చింది. తిలోత్తమ గారు మళ్ళీ మజ్జిగ తెప్పించారు, ఈసారి దానియేలుకు కనబడకుండా.

ఇప్పుడు అంతా అయిపోయింది. ఇల్లు వాళ్ళది. లారీ ఖాళీ. ఆరు కూడా దాటింది. ఇక పాట ఆపవచ్చు. అయితే, మజ్జిగ పళ్ళెం కనబడితే తప్ప, ఊరేగింపులో పాట ఎప్పుడు ఆపాలో మేళం నిర్ణయించదు. పెళ్ళికొడుకు చెయ్యెత్తాలి. ఎనిమిదిమందీ చెంపలు ఉబ్బించుకుని ఆయన వైపే చూస్తున్నారు.

యేసుపాదం గారు సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, అయిపోయిందండీ."

"ముప్పై ఏళ్ళు ఎప్పుడూ ముందే నడిచానమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇక్కడ కూచుంటే ఇట్టా వినపడుద్దని నాకు తెల్దు."

కరుణమ్మ మోచేత్తో పొడిచింది. "చెయ్యెత్తయ్యా. పిల్లల మూతులు వాచిపోతన్నయ్."

"ఉండవే," అన్నాడు ఆవిడ చెయ్యి పట్టుకుని. "ఈ చరణం కానీ."

సంతకం: బసవకుమారి. సమయం ఆరు ఇరవై. లారీ ఇంకా గాజుల వీధిలోనే ఉంది.